కళ్ళకద్దుకున్న గోల్

ఐర్లండ్ మీద నాకు పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. ఒక్కటే ఉంది. ఇక్కడ సాక్సులు ఆరవు.

బట్టలు ఆరడం ప్రకృతి ధర్మమని విజయవాడలో పెరిగిన రోజుల్లో గట్టిగా నమ్మినవాణ్ణి. దండెం మీద తువ్వాలు వేసి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేలోపు అది అప్పడంలా అయి ఉండేది. ఇప్పుడు మేముంటున్న డ్రోహెడాలో ఆదివారం ఆరేసిన తువ్వాలు గురువారం నాటికి కూడా ఆలోచిస్తూనే ఉంటుంది. పెరట్లో వేస్తే వాన. ఇంట్లో వేస్తే గోడలకు చెమట. ఇక మిగిలింది మేడ మీద, వేడినీళ్ళ ట్యాంకు పెట్టి ఉండే అల్మరా. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు కాబట్టి దాన్ని హాట్ ప్రెస్ అంటారు. దేవుడి గూడు తర్వాత మా ఇంట్లో అంత భక్తిగా తలుపు తీసేది దానికే. పై అరలో మా ఆవిడ ఆసుపత్రి యూనిఫాం. మధ్య అరలో నా సాక్సులు. అడుగున, ట్యాంకుకి ఆనుకుని, అన్నిటికన్నా వెచ్చటి చోట మా అమ్మాయి గోల్‌కీపర్ గ్లవ్స్. ఆ చోటు సాక్సులకు ఇప్పించమని నేనొకసారి అడిగి చూశాను. మళ్ళీ అడగలేదు.

ఆ గ్లవ్స్ మా ఇంటికి రావడానికి కారణం, మా అమ్మాయి కాళ్ళకి మర్యాద ఎక్కువ కావడం.

ఇక్కడి బళ్ళలో ఆడే ఫుట్‌బాల్ టీవీలో చూసే ఫుట్‌బాల్ లాంటిది కాదు. బంతిని కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టుకోవచ్చు, రెండూ కలిపి ఏదో చేస్తూ పరిగెత్తొచ్చు. గోల్‌పోస్టులు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. బంతి అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే మూడు. ఈ ఆట నాకు అర్థమైందనడానికి ఇంతకు మించి ఆధారాలు లేవు. మిగతాదంతా అమ్మాయిలు ఒకరినొకరు భుజాలతో నెట్టుకోవడం, గట్టు మీద నిలబడ్డ తల్లిదండ్రులు ఇంకా గట్టిగా నెట్టమని అరవడం.

హైస్కూల్లో చేరిన కొత్తలో మా అమ్మాయి జట్టులోకి వెళ్ళింది. పరుగుంది, భయం లేదు. కొన్నాళ్ళ ప్రాక్టీసు తర్వాత కోచ్ నన్ను పక్కకి పిలిచింది. కోచ్ అంటే వాళ్ళ జాగ్రఫీ టీచరే. పడమటి తీరపు మనిషి, పొడుగరి, ఎండ కాసినా వాన కోటు విప్పదు. ఎండ మీద ఆమెకున్న అభిప్రాయం అది.

"మీ అమ్మాయికి కళ్ళ సమస్య ఏమైనా ఉందా?" అంది.

లేదన్నాను.

"మరి ఆటలో ఎవరికి కాలు తగిలినా ఆగిపోతోంది. వాళ్ళని ముట్టుకుని, ఆ చేత్తో తన కళ్ళు ముట్టుకుంటోంది. ఆ లోపల బంతి ఎటో పోతోంది."

నేను వివరించాను. మా వైపు కాలు ఎవరికైనా తగిలితే, పుస్తకానికి తగిలినా సరే, ముట్టుకుని కళ్ళకద్దుకుంటామని. చిన్నప్పుడే నేర్పించామని. క్షమించమని అడగడం లాంటిదని.

ఆమె శ్రద్ధగా విన్నది. "ఎన్నిసార్లు తగిలితే అన్నిసార్లా?"

"అన్నిసార్లు."

"గ్రాండ్," అంది. ఇక్కడ గ్రాండ్ అనే మాట బాగుంది అనడానికీ వాడతారు, ఇక చేసేదేమీ లేదు అనడానికీ వాడతారు. ఆ తర్వాతి వారం మా అమ్మాయిని గోల్‌లో నిలబెట్టింది. అక్కడ కాళ్ళతో పని తక్కువ.

మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది, అదీ డ్రోహెడా ఇంగ్లీషులో. ఇక్కడ ఆమె మాటలన్నీ నేను తెలుగు చేసి రాస్తున్నవే. అచ్చులు హల్లులు నేర్పడానికి మేము చాలా ఆదివారాలు ఖర్చు పెట్టాం. ఏదీ నిలవలేదు. ఈ కళ్ళకద్దుకోవడం మాత్రం ఎవరూ గుర్తు చేయకుండానే నిలిచింది. నోట్లో నిలవని తెలుగు చేతిలో ఎలా నిలిచిందో నాకు తెలియదు. బహుశా చేతికి పరీక్షలు పెట్టలేదు కాబట్టి.

మా జిల్లా బళ్ళకి ఆడపిల్లల కప్పు ఒకటుంది. అందులో రెండు రకాల బళ్ళు ఆడతాయి. మా అమ్మాయి చదివేది ఫీజు లేని బడి. మా రోడ్డు మీద ఎవరుంటే వాళ్ళు అందులో చదువుతారు. జట్టుకి పిల్లలు కావాలంటే కోచ్ వరండాలోకి వచ్చి, ఖాళీగా ఎవరున్నారో చూస్తుంది. రెండో రకం ఫీజుల బడి, హాస్టలున్న బడి. వాళ్ళకి రబ్బరు గడ్డి మైదానం ఉంది, జిమ్ ఉంది, మోకాలు నొప్పెడితే చూడ్డానికి ఒక మనిషి ఉన్నాడు. ఎక్కడో పల్లెలో ఒక పిల్ల బాగా ఆడుతోందని తెలిస్తే ఫీజు మాఫీ చేసి మరీ తెచ్చుకుంటారు. మాది ఎవరొస్తే వాళ్ళని తీసుకునే బడి. వాళ్ళది ఎవరు కావాలంటే వాళ్ళని తీసుకునే బడి. ఇద్దరికీ ఒకటే కప్పు. ప్రతి ఏడాదీ ఎక్కడో ఒకచోట వాళ్ళు మాకు తగిలేవాళ్ళు, అక్కడితో మా ఏడాది అయిపోయేది.

మా ఇంట్లో భోజనాల దగ్గర వాళ్ళకి పేరు కూడా లేదు. వాళ్ళు, అంతే.

"కప్పు ఎవరికి కావాలి?" అంది మా అమ్మాయి ఒకసారి, పెరుగన్నం కలుపుకుంటూ. "కప్పు ఇచ్చినా నాకొద్దు. నేను గోల్‌లో ఉండగా వాళ్ళు ఓడిపోవాలి. ఒక్కసారి చాలు."

"అన్నం తినే ముందు పెద్ద పెద్ద మాటలెందుకే," అంది మా ఆవిడ.

ఈ వసంతంలో సెమీఫైనల్ మా మైదానంలోనే పడింది. మా మైదానం బోయిన్ నది పక్కన, పల్లంలో ఉంటుంది. ఒక మూల ఏడాది పొడవునా నీళ్ళు నిలుస్తాయి. అక్కడికి ఒక హంసల జంట వచ్చి కూర్చుంటుంది. వాటిని లేపడానికి ఎవరూ ప్రయత్నించరు. బంతి అటు పోతే రిఫరీలు కూడా కొంచెం మర్యాదగా మాట్లాడతారు.

ఆ రోజు పొగమంచు. ఆ మ్యాచ్ తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు కనిపించేది అదే, ఆ తర్వాతే ఆట. నది మీద నుంచి పాల మీద మీగడ కదిలినట్టు కదిలి వచ్చి మైదానం మీద పరుచుకుంది. అవతలి గోల్‌పోస్టులకి కాళ్ళు కనిపించడం లేదు. తెల్లటి హెచ్ గాలిలో వేలాడుతోంది. అమ్మాయిలు మంచులోంచి పుట్టి, పది అడుగులు పరిగెత్తి, మళ్ళీ మంచులో కలిసిపోతున్నారు. బంతి కనిపించదు, తన్నిన చప్పుడు మాత్రం కాస్త ఆలస్యంగా మెత్తగా వినిపిస్తుంది. పైన ఎత్తు వంతెన మీద బెల్‌ఫాస్ట్ రైలు పోతోంది. దానికి వంతెన లేదు, పట్టాలు లేవు, వెలుగుతున్న కిటికీల వరస ఒకటి ఆకాశంలో అలా సాగిపోయింది. నాకు నిద్రలో ఉన్నట్టే ఉంది. చేతిలో టీ కప్పు ఒక్కటే నిజం.

"ఏందన్నా, గట్ల మైమరిచి చూస్తున్నవ్?"

పక్కన మా వరంగల్ మిత్రుడు. డబ్లిన్ వైపు ఉంటాడు. వాళ్ళమ్మాయి ఆ ఫీజుల బడిలోనే చదువుతుంది, ఆ జట్టులోనే ఉంటుంది, ఎక్కువసేపు బెంచీ మీద ఉంటుంది. ఉగాది సభల్లో పులిహోర వరసలో మొదలైన స్నేహం మాది. ఆ రోజు న్యాయంగా అతను అవతలి గట్టున నిలబడాలి. అక్కడ టీ బాగాలేదని ఇటు వచ్చాడు.

"మీ బెంచీ చూస్తున్నాను," అన్నాను.

వాళ్ళ బెంచీ మీద పిల్లలందరికీ మోకాళ్ళ దాకా ఒకేరకం కోట్లు. మా బెంచీ మీద ముగ్గురు పిల్లలు ఒకే దుప్పటి కప్పుకుని, దాని అంచు కోసం మెల్లగా పోట్లాడుకుంటున్నారు. అది చూస్తుంటే నేను బోయిన్ ఒడ్డు నుంచి మెల్లగా జారి, విజయవాడలో నా ఇంటర్మీడియట్ కాలేజీలో తేలాను. మంచు ఉన్నట్టుండి సుద్దపొడి అయింది. మా కాలేజీలో సెక్షన్లుండేవి. పై అంతస్తులో స్టార్ బ్యాచ్. వాళ్ళకి ఏసీ, మంచి లెక్చరర్లు, రాత్రి పాలు. కింద మేము. మా గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టు కనిపించేది, గాలి మాత్రం తనకే ఉంచుకునేది. ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్ళకి చెప్పాలి కాబట్టి విడదీశామని, అదంతా మా మంచికేనని ప్రిన్సిపల్ చెప్పేవాడు. స్టార్ బ్యాచ్ వాళ్ళతో కలిపి మాకు పరీక్ష కూడా పెట్టేవాళ్ళు కాదు. వాళ్ళకంటే ఎంత వెనకున్నామో తెలుసుకునే అవకాశం కూడా ఇవ్వకపోవడం దయ అని నేను చాలాకాలం అనుకున్నాను.

ఇదంతా మిత్రుడికి చెప్పాను.

"నేను స్టార్ బ్యాచే అన్నా," అన్నాడు తాపీగా. "పాలు మస్తు పల్సగుండె. నువ్వేం బాధపడకు."

రెండో సగం చివరికొచ్చేసరికి మేము రెండు పాయింట్లు ముందున్నాం. ఇది మంచులో జరగడం వల్ల మొదట ఎవరికీ నమ్మకం కుదరలేదు. కోచ్ స్కోరు రెండుసార్లు అడిగింది, రెండోసారి విన్నాక వాన కోటు గుండీ ఒకటి విప్పింది. మా గోల్ ఈ చివరే, మా ఎదురుగానే. మా అమ్మాయి గీత మీద అటూ ఇటూ నడుస్తూ ఆ పెద్ద గ్లవ్స్‌తో చప్పట్లు కొట్టుకుంటోంది. తడి చప్పట్లు. మా వైపు చూసి ఒకసారి నవ్వింది. ఆ నవ్వులో ఒక్కసారి చాలు అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది.

అప్పుడు వాళ్ళ ముందువరస అమ్మాయి ఒకతె బంతితో మంచులోంచి ఊడిపడింది. మా అమ్మాయి ముందుకు దూకింది. మంచి దూకుడు. బంతిని రెండు చేతులా కొట్టి పక్కకి తోసింది. ఎదురొచ్చిన పిల్ల బురదలో జారి పడింది. మా అమ్మాయి ఆమె మీదుగా దాటుతుంటే బూటు కొస ఆ పిల్ల తలకి తగిలింది. గట్టిగా ఏమీ కాదు. జడకి తగిలిందంతే.

తలకి కాలు తగిలింది.

ఆ తర్వాత జరిగింది నాకు చాలా నెమ్మదిగా జరిగినట్టు గుర్తు. నేనేదో అరవబోయాను, ఏమని అరవాలో తెలియలేదు. మా అమ్మాయి ఆగింది. వంగింది. పడి ఉన్న పిల్ల నుదుటి మీద గ్లవ్ ఆనించింది. ఆ గ్లవ్ ఎత్తి కుడి కంటికి, ఎడమ కంటికి అద్దుకుంది. అందులో తొందర లేదు. పూజ దగ్గర హారతి తీసుకున్నంత నిదానం. మూల నీళ్ళలో హంసలు మెడలెత్తి చూశాయి, లేక చూశాయని నేను తర్వాత చేర్చుకున్నానో. ఆమె వెనకాల, తోసేసిన బంతి వాళ్ళ జట్టులో ఇంకో పిల్ల కాళ్ళ దగ్గరికి దొర్లింది. ఆ పిల్ల ఎదురుగా ఖాళీ గోల్ చూసి ఒక్క క్షణం అనుమానపడింది. తర్వాత తన్నింది.

మూడు పాయింట్లు. రిఫరీ ఇంకాసేపటికి ఈల ఊదేశాడు.

నా పక్కన ఒక తల్లి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపం, శిలువ గుర్తు వేసుకుందా?" అని అడిగింది.

"అలాంటిదే," అన్నాను.

ఆ గట్టున అసలు సంగతి తెలిసిన మనిషి నేను కాక ఇంకొక్కడే. మా మిత్రుడు. గెలిచిన జట్టు తండ్రి. చప్పట్లు కొట్టడానికి లేపిన చేతులు అలాగే ఆపి, "అయ్యో బిడ్డా," అన్నాడు. "కండ్లకద్దుకున్నదన్నా." తర్వాత చాలాసేపు మా ఇద్దరికీ టీ కప్పుల్లో చూడవలసినవి ఏవో కనిపించాయి.

మంచులోంచి మా అమ్మాయి నడిచి వచ్చింది. రెండు కళ్ళ మీదా రెండు బురద మచ్చలు. అవి తుడుచుకోవాలన్న ఆలోచన ఆమెకి వచ్చినట్టు లేదు. పడిపోయిన పిల్ల వెనకే వచ్చి, "నీకేమైనా అయ్యిందా?" అని ఆమెనే అడిగి వెళ్ళింది.

కారులో వంతెన దాటాక మా అమ్మాయి అంది: "నేను అనుకోలేదు నాన్నా. చెయ్యి వెళ్ళిపోయింది."

"అదేం తప్పు కాదులే."

"తప్పని నేను అన్లేదు."

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి ఉంది. కూతురి మొహం చూసి, "ఆ కళ్ళేంటే?" అని వేడినీళ్ళలో గుడ్డ ముంచింది. నేను జరిగింది చెప్పాను. అంతా విని, "ఆ పిల్లకి దెబ్బేమీ తగల్లేదు కదా?" అంది. తగల్లేదన్నాను. "మరింకేం," అని మచ్చలు తుడవడంలో పడింది. మా ఆవిడ రోజూ నిజమైన దెబ్బలు చూస్తుంది. ఆటల మీద ఆమెకి ఉండాల్సినంత గౌరవం లేదు.

తర్వాతి రోజుల్లో ఆ దృశ్యం నా వెంట తిరిగింది. ఆఫీసుకి వెళ్ళే రోజు డబ్లిన్‌లో సిటీవెస్ట్ ట్రాములో కూర్చుంటే, ఎదుటి అద్దం మీద ఆవిరి పట్టేది. ఆ ఆవిరిలో గ్లవ్ నెమ్మదిగా లేచేది. కుడి కన్ను, ఎడమ కన్ను. నా స్టాపు దాటిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆలస్యానికి కారణం అడిగితే మేనేజరుకి ఫుట్‌బాల్ అని చెప్పాను. ఈ దేశంలో అది సరిపోతుంది.

వారం తిరక్కుండా మిత్రుడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఒక ముచ్చట. మా బడి కోచ్ నీ బిడ్డ గురించి అడుగుతుండు. గట్ల దూకే కీపర్ వాళ్ళకి లేదట. ఫీజు లేకుంట తీస్కుంటరట. మా దాన్తోటి కల్సి పోతది. జర సోచాయించు."

నేను సోచాయించాను. బాగానే సోచాయించాను. వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోతారని అంతకుముందు వారమే ఆ మిత్రుడి దగ్గరే తిట్టిపోసినవాణ్ణి. మన పిల్లని ఎత్తుకుపోతామనేసరికి ఆ పద్ధతిలో ఉన్న దూరదృష్టి కనిపించడం మొదలైంది. పై అంతస్తు. ఏసీ. పాలు.

మా అమ్మాయికి చెప్పాను. ఆమె ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"అక్కడికెళ్తే నేను ఎవర్ని ఓడించాలి? మమ్మల్నేనా?"

"ఆలోచించు, తొందరేం లేదు."

"అయిపోయింది నాన్నా ఆలోచన."

అంతలో బడి నుంచి కబురు. కప్పు నడిపే కమిటీ, ఫీజుల బళ్ళకి ఒక డివిజను, మామూలు బళ్ళకి ఒక డివిజను పెడదామా అని అన్ని బళ్ళనీ అడుగుతోంది. మామూలు బళ్ళు చాలావరకు సరేనన్నాయి. మేమూ సరేనంటే వచ్చే ఏడాది నుంచి అమలు. దాని గురించి తల్లిదండ్రుల సమావేశం.

నేను బయల్దేరుతుంటే మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది.

"పిల్లలకి ఓటుందా?"

"లేదు."

"అయితే మీరు నా ఓటు. వద్దని చెప్పండి. మాకు వచ్చే ఏడాది ఇంకొకటే ఉంది. ఆ తర్వాత వయసు దాటిపోతుంది." తర్వాత, మెల్లగా, "రెండు పాయింట్లు ముందున్నాం నాన్నా," అంది.

సరేనన్నాను.

సమావేశం బడి క్యాంటీన్‌లో. చిన్న పిల్లల కుర్చీలు, పెద్ద మనుషులు. పైకప్పు కారే చోట బకెట్. మాట్లాడుతున్నవాళ్ళ మధ్య అది కూడా అప్పుడప్పుడు ఒక చుక్క మాట్లాడుతోంది. ఒక ఎలక్ట్రీషియన్ తండ్రి లేచాడు.

"వాళ్ళకి జిమ్ ఉంది. మనకి ఇది ఉంది," అని బకెట్ చూపించి కూర్చున్నాడు. ఆ సాయంత్రం అంతకంటే మంచి ఉపన్యాసం ఎవరూ ఇవ్వలేదు.

ఆ తల్లిదండ్రులు చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. మూడు జిల్లాల నుంచి ఏరుకున్న జట్టుతో ఒక రోడ్డు మీది పిల్లలు ఆడటం పోటీ కాదు. ఏటా అదే దెబ్బ తింటే చిన్నపిల్లలు జట్టులోకే రావడం మానేస్తున్నారు. మనలాంటివాళ్ళతో ఆడితే గెలుస్తారు, గెలిస్తే ఆడతారు. చివరికి కోచ్ లేచింది. వాన కోటు గుండీలన్నీ పెట్టుకునే ఉంది.

"నేను చాలా ఏళ్ళుగా వాళ్ళ చేతిలో ఓడిపోతున్నాను," అంది. "ఒక్కసారి ఇంకెవరి చేతిలోనైనా ఓడిపోవాలని ఉంది." అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

నేను మా కాలేజీ సెక్షన్ల గురించి చెప్దామనుకున్నాను. పై అంతస్తు, కింది అంతస్తు, ఒకే పరీక్ష రాయనివ్వకపోవడం. తలలో ఆ ఇంగ్లీషు వాక్యాలు పేర్చుకుంటున్నాను. అవి డ్రోహెడాలో ఎవరికి అర్థమవుతాయన్న అనుమానం ఒకపక్క. ఈలోపు చుట్టూ అంతా మంచులోలా మెత్తబడింది. బకెట్‌లో చుక్క, కుర్చీల కిర్రు, దూరంగా ఎక్కడో రైలు. వాక్యాలు సిద్ధమయ్యాయి. మనం బళ్ళో నేర్చుకున్న పద్ధతి ప్రకారం, మాట్లాడ్డానికి అనుమతి కోసం చెయ్యెత్తాను.

ఎత్తేసరికి గదిలో చాలా చేతులు ఎత్తి ఉన్నాయి. నేను తలలో వాక్యాలు పేర్చుకుంటున్న సమయంలో కోచ్, వేరే డివిజను కావాలన్నవాళ్ళు చేతులెత్తండని అడిగినట్టుంది. ఆమె వేలు చూపిస్తూ లెక్కపెట్టుకుంటూ వస్తోంది. నా వరస దాకా రావడానికి ఇంకా టైముంది. చెయ్యి దించడం చాలా సులభం.

ఆ చెయ్యి వైపే చూస్తూ కూర్చున్నాను. అదే చెయ్యి మా అమ్మాయికి చిన్నప్పుడు నేర్పింది, ఎలా ముట్టుకోవాలో, ఎలా అద్దుకోవాలో. నాకు ఆ రెండు బురద మచ్చలు కనిపించాయి. మంచులోంచి నడిచొస్తున్న ఆ మొహం వచ్చే ఏడాది ఇంకోసారి చూసి తట్టుకోగలనా అనిపించింది. వాళ్ళు లేని కప్పులో, మనలాంటి పిల్లల మధ్య, ఒక మామూలు ఎండ రోజున, ఆమె నవ్వుతూ నడిచి రావడం ఊహించుకున్నాను. చాలా బాగుంది ఊహ. అందులో గడ్డి కూడా ఆరిపోయి ఉంది.

కోచ్ వేలు నన్ను దాటుకుని పోయింది. "గ్రాండ్," అంది.

వద్దన్నవాళ్ళు చేతులెత్తమన్నప్పుడు చాలా కొద్ది చేతులు లేచాయి. నా ఒక్కడి వల్ల మారేదేమీ లేదు. ఈ సంగతి ఇంటికి నడుస్తూ నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నది మీద మళ్ళీ మంచు లేస్తోంది. మైదానం మూల హంసలు తెల్లటి రెండు మూటల్లా నిద్రపోతున్నాయి.

తలుపు తీసేసరికి మా అమ్మాయి మేడ మీద, హాట్ ప్రెస్ ముందు కింద కూర్చుని ఉంది. తలుపు తెరిచి ఉంది. వెచ్చటి గాలి మెట్ల మీదుగా కిందికి వస్తోంది. గ్లవ్స్ ఒళ్ళో పెట్టుకుని, ఆరాయో లేదో ఒక్కో వేలూ నొక్కి చూస్తోంది.

"ఏమైంది?"

నేను మెట్లెక్కి, మంచుకి తడిసిన సాక్సులు విప్పుతూ చెప్పాను. వేరే డివిజనుకే ఎక్కువమంది మొగ్గారని. అది న్యాయమేనని, ఆలోచిస్తే. వచ్చే ఏడాది కప్పులో మనలాంటి బళ్ళే ఉంటాయని, మన జట్టుకి కప్పు ఖాయమని కోచ్ కూడా అందని. కోచ్ అలా అనలేదు, కానీ అనే మనిషే.

"మీ చెయ్యి?"

"లేచింది," అన్నాను.

ఆమె గ్లవ్స్ రెండూ కలిపి అడుగు అరలో, వెచ్చటి చోటికి కొంచెం పక్కగా పెట్టింది. నా చేతిలో తడి సాక్సులు తీసుకుని ట్యాంకుకి ఆనించింది. తలుపు వేసింది.

"అంటే ఇక మేము వాళ్ళని ఎప్పటికీ ఓడించలేం," అంది.